పెట్టె మీద ఎవరి పేరు

నకత్సుగావా
1986 జూలై 10

అక్కకి,

వానలు ఇంకా వదల్లేదు. ఆరేసిన బట్టలన్నీ ముక్కిపోయిన వాసన. మీ లాండ్రీకి మాత్రం ఇవి పండగ రోజులై ఉంటాయి, ఫుకుఓకాలో సగం ఊరు తడి బట్టలు తెచ్చి మీ నెత్తిన పడేస్తూ ఉంటుంది.

వేసవి కానుక ఇవాళే పంపాను. ఎప్పటిలాగే చెస్ట్‌నట్ వేసిన యోకన్ మిఠాయి. ఎర్ర చిక్కుడుగింజల్ని అంత మెత్తగా నూరి, అంత నున్నగా ముక్క పోసేవాళ్ళు మా వీధి చివరి దుకాణం వాళ్ళు తప్ప ఈ దేశంలో ఇంకెవరూ లేరు. పోయినేడు పంపితే నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. బావగారే ఫోన్ చేసి, "ఫుకికో, అద్భుతం!" అన్నారు. పోనీలే, ఆ ఇంట్లో ఒక్కరికైనా మర్యాద తెలుసు.

మొన్న ఆయనే ఫోన్‌లో చెప్పారు, నీ కడుపునొప్పి ఇంకా తగ్గలేదని, ఆసుపత్రి వాళ్ళు నిన్ను మనసు డాక్టర్ల దగ్గరికి పంపారని. నిజమేనా? కడుపులో నొప్పి అయితే బుర్రలోకి చూడటమేమిటి? ఇక్కడ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా అత్తగారికి తెలిస్తే మన వంశమంతా తవ్విపోస్తుంది.

అక్టోబరు 12న కుమమోతో గుళ్ళో అమ్మ పదమూడో ఏటి పూజ. నువ్వు ఎక్స్‌ప్రెస్ ఎక్కడం మానేసి, ప్రతి స్టేషన్‌లో ఆగే పాసింజరే ఎక్కుతున్నావట. పాసింజరో, ఎద్దుబండో, ఏదెక్కినా సరే, రావాలి. అమ్మ ముందు మనిద్దరం పక్కపక్కన కూర్చోకపోతే జనం ఏమనుకుంటారు?

బావగారిని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
ఫుకికో

* * *

ఫుకుఓకా
1986 జూలై 24

ఫుకికోకి,

పెట్టె అందింది. నేను మేడ మీద బట్టలు తీసుకుని దిగేసరికే మీ బావ దాన్ని విప్పేశారు. ఒక్క ముక్క తిన్నాను. ఆ మధ్యాహ్నమంతా టాయిలెట్లోనే గడిచింది. కౌంటర్ దగ్గర గంట కొట్టి కొట్టి ముగ్గురు వెళ్ళిపోయారట.

నా కడుపు సంగతి ఆయన నీకు ఫోన్ చేసి చెప్పారన్నమాట. నాతో ఒక్కసారి కూడా ఎత్తని మాట అది. సంతోషం.

నాకు పిచ్చి అని ఎవరూ అనలేదు, కంగారుపడకు. గొట్టం వేసి చూశారు, రక్తం తీశారు, ఫోటోలు తీశారు. పుండు లేదు, గడ్డ లేదు. అప్పుడు సెగావా అనే డాక్టరు ఒక కాగితం మీద తల, కడుపు గీసి, మధ్యలో తీగ వేశాడు. "రెండూ రోజంతా ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉంటాయమ్మా. మీ విషయంలో గంట మరీ పెద్దగా మోగుతోంది. నొప్పి అబద్ధం కాదు. గంట ఎందుకు మోగుతోందో చూద్దాం" అన్నాడు. ఏడాదిగా అందరూ "ఏమీ లేదు, ఏమీ లేదు" అంటుంటే విని విని, ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

తర్వాత ఇకుతా గారని ఒకావిడ, మందులివ్వదు, మాట్లాడుతుంది. మనసు పరీక్ష అంటే ఇంకుమరకలు చూపిస్తారేమో అనుకున్నాను. ఆవిడ అడిగినవన్నీ వంటింటి ప్రశ్నలు. నిద్రలో నొప్పి లేపుతుందా? టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక తగ్గుతుందా? మొట్టమొదట ఎప్పుడు వచ్చింది, ఆ నెలలో ఇంట్లో ఏం జరుగుతోంది? నొప్పి మొదలవగానే ఏమవుతుందని భయపడతారు? భయపడి ఏమేం మానేశారు? చిన్నప్పుడు మీకు కడుపునొప్పి వస్తే ఎవరు దగ్గర కూర్చునేవారు? దిగులు ఎంత, నిద్ర ఎంత అని అంకెలు వేసే కాగితాలు కూడా నింపించింది. మధ్యలో దిగే వీలుండదని ఎక్స్‌ప్రెస్ మానేసిన సంగతి చెబితే నవ్వలేదు. "అలా పాసింజరే ఎక్కేవాళ్ళు మా దగ్గరికి చాలామంది వస్తారు" అంది.

అక్టోబరు మాట ఇప్పుడే చెప్పలేను. గుళ్ళో గంటసేపు మోకాళ్ళ మీద కూర్చోవడం నావల్ల అయ్యేలా లేదు.

కినుయే

* * *

నకత్సుగావా
1986 ఆగస్టు 3

అక్కకి,

నా యోకన్ తిని నీకు కడుపు పోయిందా? ఊరంతా తింటోంది. మా అత్తగారు ఎనభై ఏళ్ళ వయసులో, పళ్ళు లేకుండా తింటోంది. నెపం వేయడానికి నీకు నా పెట్టే దొరికిందా?

ఇంకొకటి అడుగుతాను, కోప్పడకు. చిన్నప్పుడు నీకు కడుపునొప్పి వస్తే దగ్గర కూర్చుంది ఎవరు? నేను. నీ పొట్ట మీద వేడి ఉప్పుమూట పెట్టింది ఎవరు? నేను. ఇప్పుడు ఆ కథంతా ఎవరో ఇకుతా గారికి చెప్పావు. నాకు మాత్రం బావగారి ద్వారా తెలుస్తుంది. నలభై ఏళ్ళ చెల్లెలికి లేని చనువు, గడియారం పెట్టుకుని కూర్చునే పరాయిదానికి వచ్చేసిందా! ఆవిడ వయసెంత? పెళ్ళయిందా? చీటికీ మాటికీ తల ఊపుతుందా? అలా తల ఊపేవాళ్ళంటే నాకు మంట.

అసలు ఆ ఇంట్లో నా గురించి మంచిగా మాట్లాడేది ఒక్క బావగారే. పెళ్ళిచూపుల నాటి మాట, సంబంధాలు కుదిర్చే ఒగాతా గారి మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. నీకేమో అప్పుడు కురుమె ఊరి సంబంధం మాట్లాడుతున్నారు, బావగారిని నాకని తెచ్చారు. తర్వాత వారం ఆవిడ వచ్చి గుమ్మంలో వంగి, "మీ ఫుకికో మా అబ్బాయికి మరీ ఎక్కువ. అంత అదృష్టానికి వాడు తగడు" అంది. అమ్మ రోజంతా ఆ మాటే తలుచుకుంది. నీ కురుమె సంబంధం తప్పిపోయి, చివరికి ఆయన నీకే దక్కాడు, అది వేరే సంగతి. ఊరికే సరదాకి గుర్తు చేశాను.

వేడి నీళ్ళు తాగు. పొట్టకి నడికట్టు కట్టుకో. ఇవి చెప్పడానికి ఇకుతా గారు అక్కర్లేదు.

ఫుకికో

* * *

ఫుకుఓకా
1986 ఆగస్టు 30

ఫుకికోకి,

సరదాకి గుర్తు చేశావు. నేను మరిచిపోతే కదా, గుర్తు చేయడానికి.

నీ పెట్టె మీద నెపం వేశానన్నావు కదా, విను. ఇకుతా గారు నాతో ఒక పరీక్ష చేయించింది. డిపార్ట్‌మెంట్ స్టోరు కింది అంతస్తులో మీ వీధి దుకాణం వాళ్ళ యోకన్, అదే చెస్ట్‌నట్ యోకన్ అమ్ముతారు. అది కొనుక్కుని అక్కడే బెంచీ మీద కూర్చుని తిన్నాను. కడుపు కిక్కురుమనలేదు. ఇంటికొచ్చి మర్నాడు నీ పెట్టెలోంచి ఒక ముక్క తీశాను. నోట్లో పెట్టుకోకముందే మెలితిప్పింది.

ఇది చెబితే ఆవిడ, "పెట్టెకీ నోటికీ మధ్య ఏం జరిగింది?" అని అడిగింది. ఏమీ జరగలేదన్నాను. ఆవిడ ఊరుకుంది. అలా ఊరుకోవడం ఆవిడ పనిలో భాగమనుకుంటాను, ఎవరూ తట్టుకోలేరు. చివరికి చెప్పేశాను.

జరిగేది ఇది. ఏటా రెండుసార్లు నీ పెట్టె వస్తుంది. పైన కుంచెతో, నల్లటి సిరాతో, పెళ్ళి శుభలేఖ మీద రాసినంత అందంగా "హమసాకి తెత్సురో గారికి" అని ఉంటుంది. ఆయన ఆ కాగితాన్ని చిరగకుండా ఊడదీస్తారు. "ఫుకికో చేతిరాత ఏమాత్రం చెడలేదు" అంటారు. డ్రాయరులో దాచుకుంటారు. తర్వాత నాకొక ముక్క కోసి ఇస్తారు.

ఇరవైమూడేళ్ళుగా నాకా ముక్క గొంతు దిగడం లేదు. చెల్లెలు తనకి మించినదని వదులుకుని, తన స్థాయికి సరిపోయిన అక్కని చేసుకున్న మనిషితో కాపురం చేస్తున్నాను. ఆ చెల్లెలు ఏటా రెండుసార్లు తనున్న సంగతి గుర్తుచేస్తుంది. నాకు నీ మీద అసూయ ఉంది, ఫుకికో. పైకి చెప్పుకునేంత చిన్న అసూయ కాదది. ఇక పెట్టెలు పంపకు.

పూజకి రాను. రైలు ఒక కారణం. ఆయన, నువ్వు, నేను ఒకే గదిలో కూర్చోవడం రెండో కారణం.

కినుయే

* * *

నకత్సుగావా
1986 సెప్టెంబరు 8

హమసాకి కినుయే గారికి,

అక్కా అని రాయడానికి చేయి రావడం లేదు.

కానుక పెట్టె మీద ఇంటి యజమాని పేరు కాక ఎవరి పేరు రాస్తారు? నీకు తెలియదా? అమ్మ నేర్పలేదా? నీ పేరు రాసి పంపితే మీ వీధివీధంతా బావగారు పోయారనుకుని నల్లబట్టలు కట్టుకుని వస్తారు. నేను మా అందరు బంధువులకీ అలాగే పంపుతాను. యజమాని పేరే, కుంచెతోనే. మా ముసలి పెదమామగారి పేరు ఇంకా అందంగా రాస్తాను, ఆయన మీద కూడా నాకు కన్నుందంటావా?

ఏటా చెస్ట్‌నట్‌దే ఎందుకు పంపుతానో ఎప్పుడైనా ఆలోచించావా? చిన్నప్పుడు నువ్వు యోకన్ చివరి ముక్కల కోసం, ఆ పంచదార గట్టిపడి కరకరలాడే ముక్కల కోసం నాతో కొట్లాడేదానివి. అవి ఇక్కడే అలా దొరుకుతాయి. కొన్నది నీ కోసం. పేరు మాత్రం ఆయనది. నీకు పేరు కనిపించింది, ముక్క కనిపించలేదు.

నన్ను ఒకాయన తనకి మించినదాన్ని అనుకుంటే, దానికి నేను క్షమాపణ చెప్పుకోవాలా?

ఆ ఇకుతా గారు నా గురించి ఏం రాసుకుంది? జబ్బు పేరు ఫుకికో అని రాసుకుందా? నన్ను ఒక్కసారి కూడా చూడకుండా, నా నోటి మాట వినకుండా, నీ కడుపులోంచి నన్ను బయటికి లాగి బల్ల మీద పెట్టుకుని చూస్తోంది. నువ్వు పక్కన కూర్చుని చూపిస్తున్నావు. నాకు ఏడుపొస్తోంది.

ఫుకికో

* * *

ఫుకుఓకా
1986 సెప్టెంబరు 29

ఫుకికోకి,

నీ ఉత్తరం ఇకుతా గారికి చదివి వినిపించాను. తిట్టుకోకు. ఆవిడ, "మీ చెల్లెలుగారు జబ్బు కాదు. జబ్బుకి ఒక్కరే కారణం అని నేనెప్పుడూ రాసుకోను. మీ పేగులు సహజంగానే సున్నితం. ఏడాది కిందట పెద్ద జ్వరం, విరేచనాలు వచ్చాక ఇంకా సున్నితమయ్యాయి. దాని మీద భయం, దాని మీద మీరు మింగేసిన మాటలు. అన్నీ కలిసి గంట మోగిస్తున్నాయి" అంది. కొంతకాలం మందు, కొంత నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలే సాధన, ఎక్స్‌ప్రెస్‌లో ముందు ఒకే ఒక్క స్టేషన్. ఇదీ మా ఒప్పందం.

ఇంట్లోవాళ్ళ మాట కూడా వినాలి అని మీ బావని పిలిపించింది. ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, నేరం చేసినవాడిలా వచ్చి కూర్చున్నారు. ఆవిడ మామూలుగా, "మీ పెళ్ళి ఎలా కుదిరింది?" అని అడిగింది.

ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను. "ముందు చెల్లెల్ని చూపించారండి. ఆ అమ్మాయి మాట్లాడుతూనే ఉంది. నాకేమో మోకాళ్ళ మీద కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కి ప్రాణం పోతోంది. ఈవిడ టీ తెచ్చింది, నా మొహం చూసింది. 'గోడ మీద బొమ్మ చూద్దురుగాని, ఇటు రండి' అంది. లేచాను, బతికాను. ఇంటికెళ్ళి ఒగాతా గారికి చెప్పాను, చిన్నమ్మాయి వద్దు, ఆ టీ తెచ్చినావిడకి మాట్లాడుతున్న సంబంధం తప్పిపోతే చెప్పండి అని."

ఇకుతా గారే, "మరి ఒగాతా గారు 'మీ అమ్మాయి మాకు మరీ ఎక్కువ' అన్నారట కదా?" అంది. ఆయన నవ్వారు. "వద్దని మొహం మీద ఎవరంటారండీ? అలాగే అంటారు. అందరికీ తెలిసిందేగా!"

నిజమే, అందరికీ తెలిసిందే. పక్కింటి పిల్లకి ఆ మాట వస్తే నువ్వూ నేనూ అర్థం చేసుకునేవాళ్ళం, పాపం తిప్పికొట్టారని. మన గుమ్మంలోకి వచ్చేసరికి ఇద్దరం నిజమనుకున్నాం. నీకు అలా వినడం ఇష్టం కాబట్టి నువ్వు నమ్మావు. నీ మీద కుళ్ళుతో నేను నమ్మాను.

కాగితాలు ఎందుకు దాచారో కూడా అడిగాను. తిరుగు కానుక పంపాలంటే చిరునామా కావద్దా అన్నారు. ఇంటికొచ్చి డ్రాయరు తీశాను. నీ కాగితాల పక్కనే సబ్బుపొడి కంపెనీవాడివి, ఆవిరి మిషను బాగుచేసేవాడివి, అందరివీ ఉన్నాయి.

ఈ సంగతి నీకు రాయకూడదనుకున్నాను. రాయకుండా ఉండలేకపోయాను. నాకు సంతోషంగా ఉంది, ఫుకికో. పండగలా ఉంది. పూజకి వస్తున్నాను, ఎక్స్‌ప్రెస్‌లో.

అక్క

* * *

ఫుకుఓకా
1986 అక్టోబరు 14

ఫుకికోకి,

నేను వచ్చాను. నువ్వు రాలేదు.

ఎక్స్‌ప్రెస్‌లో తలుపు పక్క సీట్లో కూర్చున్నాను. ఒమూతా స్టేషన్ దాటాక కడుపు పట్టేసింది. చెమటలు పట్టాయి. ఇకుతా గారు చెప్పినట్టు, ఇది గంట మాత్రమే, మంట కాదు అనుకుంటూ నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలాను. మీ బావ ఏమీ అడగకుండా కిటికీలోంచి పొలాలు చూపిస్తూ కూర్చున్నారు. దిగేసరికి తగ్గింది.

గుళ్ళో నా పక్కన కూర్చునే దిండు ఒకటి ఖాళీగా ఉంది. నువ్వు కడుపునొప్పితో రాలేకపోయావని మీ ఆయన యోషిహికో ఫోన్ చేసి చెప్పారట. పిన్ని, "అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే కడుపు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా పండగ నీకు అంత వివరంగా రాసి ఉండాల్సింది కాదు. ఆ దిండు చూస్తూ గంటసేపూ కూర్చున్నాను.

అక్క

* * *

నకత్సుగావా
1986 నవంబరు 9

అక్కకి,

నొప్పి అబద్ధం కాదు. టికెట్టు కొన్నాను, బట్టలు సర్దాను, చెప్పులు వేసుకుంటుంటే మెలిపెట్టింది. ఇక్కడి డాక్టరు మందుపొడి ఇచ్చి, ఏమీ లేదు పొమ్మన్నాడు.

నీకు తెలియాలని రాస్తున్నాను. బావగారి మీద నాకు ఏ రోజూ మనసు లేదు. యోషిహికో మంచివాడు, కుదురైనవాడు, నా మాటలకి కాళ్ళు తిమ్మిరెక్కవు. కానీ ఈ ఇంట్లో అత్తగారి సణుగుడు వింటూ, వంటింట్లో మసి తుడుస్తూ, ఎక్కడో ఒక మనిషి నన్ను తనకి మించినదాన్ని అనుకున్నాడు కదా అనుకునేదాన్ని. నాకున్నది అదొక్కటే. కుంచె తీసినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. పేరు అందంగా రాసింది నిజం, దాన్ని మర్యాద అనుకున్నది కూడా నిజం.

ఇప్పుడు అది కూడా నీదైపోయింది. ఆయన నీవాడు, ఆ టీ నీది, ఆ ఇకుతా గారు కూడా నీదే. నాకేమో పొడి. అసూయగా ఉంది అక్కా. నీకు ఇరవైమూడేళ్ళు ఎలా ఉందో ఇప్పుడు తెలుస్తోంది.

మా గిఫూ వైపు అలాంటి ప్రశ్నలడిగేవాళ్ళు ఎవరైనా ఉంటారేమో ఆవిడని అడుగుతావా? చీటికీ మాటికీ తల ఊపకపోతే మంచిది. ఊపినా సర్దుకుంటాను.

ఫుకికో

* * *

ఫుకుఓకా
1986 డిసెంబరు 16

ఫుకికోకి,

నగోయాలో ఒకాయన ఉన్నారట. పేరు, చిరునామా వేరే కాగితంలో పెట్టాను. ఇకుతా గారికి ఆయన దగ్గర చదువుకున్నప్పటి పరిచయమట. ముందు మామూలు పరీక్షలన్నీ చేయించుకుని వెళ్ళు. ఆయన ఎప్పుడు మొదలైందని అడుగుతారు, అక్క ఉత్తరం వచ్చాక అని చెప్పు. సిగ్గుపడకు. చిన్నప్పుడు నీకు నొప్పి వస్తే దగ్గర కూర్చుంది ఎవరని కూడా అడుగుతారు. నేను కూర్చున్నట్టు గుర్తు లేదు. నేను ఏదో వంకతో కొట్టుకి బయల్దేరిపోయేదాన్ని. ఈసారి నువ్వు వెళ్ళే రోజున నేనొస్తాను. ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు నాకు అలవాటే.

ఏడాది చివరి కానుక నిన్న వచ్చింది. పైన "హమసాకి కినుయే గారికి." బాల్‌పాయింట్ పెన్నుతో, కందిరీగ కాళ్ళలాంటి అక్షరాలు. తెచ్చినవాడు గుమ్మంలో పెద్దగా నా పేరు చదివాడు. అరగంటలో పక్కింటి కవాజోయె గారు తలుపు తట్టి, గొంతు తగ్గించి, "హమసాకి గారికి... ఎప్పుడు జరిగింది?" అని అడిగింది. ఆవిరిలోంచి మీ బావ, "ఇంకా లేదండీ! అయితే చెబుతాను" అని అరిచారు. ఆవిడ ముందు జడుసుకుని, తర్వాత నవ్వి, తెచ్చిన అగరొత్తుల కట్ట సంచిలో దాచుకుంది.

పెట్టె నేనే విప్పాను. చివరి ముక్కలు నేనే కోసుకున్నాను, అటొకటి, ఇటొకటి, రెండు కొసలూ నేనే తిన్నాను. పంచదార కరకరలాడింది. కడుపు ఒక్క మాట కూడా అనలేదు.

మీ బావ ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, "ఇదేమిటి, ఫుకికో చేతికి దెబ్బ తగిలిందా?" అన్నారు. ఎంత బాధగా అన్నారంటే, సాయంత్రం ఆయనకి ముక్క పెట్టలేదు. అసూయ పూర్తిగా పోయిందని ఇకుతా గారికి చెప్పలేదు, నీకూ చెప్పను.

ఈ కాగితం మాత్రం ఆయన డ్రాయరులో పెట్టలేదు, నేనే నా కుట్టుపెట్టెలో పెట్టుకున్నాను. వేసవిలో మళ్ళీ పంపు. కానీ ఆ పెన్ను పారేయి. కుంచెతో రాయి, నల్లటి సిరా మంచిగా నూరి, శుభలేఖ మీద రాసినట్టు రాయి. ఆయన పేరు ఇరవైమూడేళ్ళు రాశావు. నీ కుంచెతో నా పేరు ఎలా ఉంటుందో నేనింతవరకూ చూడలేదు.

మీ కినూ అక్క